డాన్స్ చేస్తున్నది మనిషా, కెమెరానా? తొలినాటి హాలీవుడ్ మ్యూజికల్స్‌ని ఆస్వాదించడం ఎలా

రీల్స్ తిప్పుతుంటే మీకూ ఎదురయ్యే ఉంటుంది. నలుపు తెలుపు బొమ్మ, పైనుంచి తీసిన షాట్, పదుల సంఖ్యలో అమ్మాయిలు గుండ్రంగా చేరి కాళ్లు చాపి ముడుస్తుంటే పువ్వు విచ్చుకుని మళ్లీ ముడుచుకున్నట్టు ఉంటుంది. పదిహేను సెకన్లు అద్భుతం. సరే ఇదేదో బాగుందే అని ఆ పాట మొత్తం వెతికి పెట్టుకుంటే మాత్రం రెండో నిమిషానికే చెయ్యి ఫాస్ట్ ఫార్వర్డ్ మీదికి పోతుంది. హీరోయిన్ పెద్దగా స్టెప్పులు వేయదు, హీరో నిలబడి పాడతాడు, తర్వాత ఇద్దరూ మాయం, మిగతా అంతా ఎవరెవరో.

డాన్స్ అనగానే మనం దాన్ని మనిషి ఒంట్లో వెతుకుతాం. హీరో బాగా వేశాడా లేదా, గ్రేస్ ఉందా లేదా. మన సినిమాలు చూసి చూసి వచ్చిన అలవాటది. 1930ల హాలీవుడ్ మ్యూజికల్స్‌లో, అంటే పాటలూ డాన్సులే ప్రాణమైన సినిమాల్లో, డాన్స్ ఒకచోట ఒంట్లో ఉంటుంది, ఇంకోచోట కెమెరాలో ఉంటుంది, మరోచోట ఏకంగా సెట్టే తిరుగుతూ ఉంటుంది. ఏ పాటలో అది ఎక్కడుందో ముందు పట్టుకోగలిగితే విసుగు చాలావరకు పోతుంది. ఇక్కడ డాన్స్ చేస్తున్నది ఎవరు? ప్రతి పాటకీ ముందు ఈ ప్రశ్న వేసుకోండి. కింద చెప్పేవన్నీ దానికి జవాబు వెతికే పద్ధతులే.

మొదటి అడుగు: సరైన ప్రింటు, సరైన సెట్టింగు

బోరింగ్‌గా ఉన్నా ఇది దాటేయకండి. ఆ కాలపు సినిమాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండే చట్రంలో తీసినవి. వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు, అంతే. ఆన్‌లైన్‌లో దొరికే చాలా క్లిప్పుల్లో దాన్ని ఇవాళ్టి వెడల్పాటి టీవీకి సరిపోయేలా పైనా కిందా కోసేస్తారు, లేదా పక్కలకి సాగదీస్తారు. కోస్తే డాన్సర్ హీరో ఫ్రెడ్ ఆస్టేర్ పాదాలు పోతాయి. సాగదీస్తే నృత్య దర్శకుడు బస్‌బీ బర్క్‌లీ వలయాలు కోడిగుడ్లవుతాయి. రెండు పక్కలా నల్లపట్టీలు ఉన్న ప్రింటే సరైనది, ఆ పట్టీలు చూసి చిరాకు పడకండి.

టీవీలో చూస్తుంటే కదలికల్ని నున్నగా మార్చే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే పాత ఫిల్మ్ కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. రంగులద్దిన వెర్షన్లు వద్దు. బర్క్‌లీ పాటలు చాలావరకు నల్లటి నేల మీద తెల్లటి బట్టల ఆట, రంగు వేస్తే ఆ ఆటే ఉండదు. ఫోన్‌లో చూడక తప్పకపోతే కనీసం ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఎందుకో ట్యాప్ డాన్స్ (బూటు అడుగుతో నేలని తట్టి తాళం వేసే డాన్స్) దగ్గర తెలుస్తుంది.

రెండో అడుగు: కెమెరా కదల్లేని రోజుల పాట ఒకటి చూడండి

1927 అక్టోబర్‌లో వార్నర్ బ్రదర్స్ వారి 'ది జాజ్ సింగర్' విడుదలయ్యాక మాటల సినిమాల హోరు మొదలైంది. మాటొచ్చింది గానీ కెమెరా కట్టుబడిపోయింది. కెమెరా మోటారు చప్పుడు మైక్‌లో పడకూడదని దాన్ని, దానితో పాటు కెమెరామన్‌నీ, ఒక గదిలాంటి పెట్టెలో పెట్టి మూసేసేవారు. లోపల ఉక్క, ముందు అద్దం. ఆ పెట్టెతో ఎక్కడికి కదులుతారు? అందుకే 1929 నాటి చాలా పాటలు నాటకం హాల్లో ముందు వరసలో కూర్చుని చూస్తున్నట్టే ఉంటాయి.

దీనికి నమూనాగా ఎంజీఎం వారి 'ది బ్రాడ్‌వే మెలొడీ' (1929) లోంచి 'వెడ్డింగ్ ఆఫ్ ది పెయింటెడ్ డాల్' చూడండి. ఆ సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఈ పాట అసలు రంగుల్లో తీశారు, ఇప్పుడు మిగిలింది నలుపు తెలుపు మాత్రమే. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది, అలా అనిపించడమే కావాలి. అయితే దీని వెనక మనకి బాగా దగ్గరి సంగతి ఒకటి ఉంది. మొదట పాటనీ డాన్స్‌నీ కలిపి ఒకేసారి తీశారు. తీసిన తీరు నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్‌కి నచ్చలేదు, మళ్లీ తీయమన్నాడు. సౌండ్ విభాగం చూస్తున్న డగ్లస్ షియరర్, సౌండ్ బాగానే వచ్చింది కదా, అదే వినిపిస్తూ బొమ్మ మాత్రం మళ్లీ తీద్దాం, ఆర్కెస్ట్రాని మళ్లీ పిలవడం దేనికి అన్నాడు. అలా పాట ముందు రికార్డు చేసి, సెట్ మీద వినిపిస్తూ, దానికి డాన్స్ చేయించడం హాలీవుడ్‌లో మొదలైంది. మన సినిమా పాటల బతుకంతా దీని మీదే నడిచింది కాబట్టి ఇందులో వింతేముంది అనిపించొచ్చు. కానీ మైక్ గొడవ పోయింది కాబట్టే పాటల్లో కెమెరాకి మళ్లీ కాళ్లు వచ్చాయి. తర్వాత వచ్చే బర్క్‌లీ షాట్లన్నీ ఈ వెసులుబాటు మీద నిలబడ్డవే.

ఈ దశలో సరదాకి ఇంకొకటి కూడా చూడొచ్చు. యూనివర్సల్ వారి 'కింగ్ ఆఫ్ జాజ్' (1930) రెండు రంగుల టెక్నికలర్‌లో తీసింది. ఆ పద్ధతిలో నీలం సరిగ్గా రాదు. వాళ్లేమో పట్టుబట్టి 'రాప్సొడీ ఇన్ బ్లూ' అనే సంగీతానికే పెద్ద సెట్ వేశారు, నీలం బదులు ఆకుపచ్చ కలిసిన ఒక రంగు వచ్చింది. నాకు ఆ రంగే నచ్చుతుంది.

స్టూడియోలన్నీ ఎగబడి మ్యూజికల్స్ తీసేసరికి 1930 చివరికే జనానికి మొహం మొత్తింది. ఒకటి రెండేళ్లు పాటలంటేనే బయ్యర్లు పారిపోయే పరిస్థితి.

మూడో అడుగు: బర్క్‌లీ దగ్గర థియేటర్ గోడ ఎక్కడ మాయమైందో పట్టుకోండి

తీరిగ్గా చూడాల్సిన భాగం ఇదే.

బస్‌బీ బర్క్‌లీ డాన్స్ నేర్చుకున్నవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు ఫ్రాన్స్‌లో సైనికుల చేత కవాతులు చేయించాడు. తర్వాత న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో నృత్య దర్శకుడిగా పేరు తెచ్చుకుని, శామ్యూల్ గోల్డ్‌విన్ పిలిస్తే 'వూపీ!' (1930) కోసం హాలీవుడ్ వచ్చాడు. ఒక్కో అమ్మాయి ఎంత బాగా ఆడుతోందన్నది అతనికి పెద్ద విషయం కాదు, వందమంది ఎటు తిరిగితే తెరమీద ఏ ఆకారం వస్తుందన్నదే లెక్క. ముగ్గు నిలబడి పైనుంచి చూస్తేనే ముగ్గు, నేలకి మొహం పెట్టి చూస్తే గీతలూ చుక్కలే. బర్క్‌లీ కెమెరాని స్టేజీ కప్పు దాకా ఎక్కించింది అందుకే, ఎత్తు చాలకపోతే కప్పుకే కన్నం పెట్టించేవాడని చెబుతారు.

ఇంకో విశేషం, అప్పట్లో నాలుగు కెమెరాలు పెట్టి ఒకేసారి తీసి, ఎడిటింగ్‌లో ఏరుకోవడం మామూలు. బర్క్‌లీ ఒక్క కెమెరాతోనే తీసేవాడు. ఏ షాట్ తర్వాత ఏది అన్నది ముందే తలలో ఉండేది.

1933లో వార్నర్ బ్రదర్స్ నుంచి ఒకే ఏడాదిలో మూడు సినిమాలు వచ్చాయి: 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్', 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933', 'ఫుట్‌లైట్ పరేడ్'. మూడింటికీ దర్శకుడు బర్క్‌లీ కాదు (మొదటిదీ మూడోదీ లాయిడ్ బేకన్, రెండోది మెర్విన్ లెరాయ్), పాటలు మాత్రం అతనివి. మూడూ స్టేజీ ప్రదర్శనల కథలే, ఒక ప్రదర్శన తయారవుతుంటే తెర వెనక జరిగే గొడవలు. కాబట్టి ప్రతి పెద్ద పాటా కథ ప్రకారం ఒక స్టేజీ మీద, టికెట్ కొన్న ప్రేక్షకుల ముందు జరుగుతోంది.

మీరు చేయాల్సిన పని ఇదీ. 'ఫుట్‌లైట్ పరేడ్'లో 'బై ఎ వాటర్‌ఫాల్' పెట్టండి. తెర లేస్తుంది, డిక్ పావెల్, రూబీ కీలర్ అడవి సెట్‌లో పాడుకుంటారు. ఇక్కడిదాకా స్టేజీయే. ఇక ఒక్కో షాట్ దగ్గరా అడుగుతూ పోండి: హాల్లో కూర్చున్నవాడికి ఇది కనిపిస్తుందా? జలపాతం, సరే కనిపించొచ్చు. అమ్మాయిలు బండల మీంచి జారడం, అదీ సరే. పెద్ద కొలను, దాని అడుగునుంచి ఈదుతున్న వాళ్ల షాట్. ఇక ఆ మనిషి హాల్లో ఉన్నా లేనట్టే. తర్వాత నేరుగా పైనుంచి, నీళ్లలో అమ్మాయిలు చేతులు కాళ్లు కలిపి గొలుసులవుతారు, పాములవుతారు, చక్రాలవుతారు. చివరికి మనుషులతోనే అంతస్తులుగా కట్టిన ఫౌంటెన్. ఏ థియేటర్‌లోనూ పట్టని స్థలం ఇది. పాట అయిపోగానే హాల్లో జనం చప్పట్లు కొడతారు. వాళ్లు ఏం చూసి కొట్టారో వాళ్లకే తెలియాలి! ఈ అబద్ధాన్ని బర్క్‌లీ దాచడు, దాన్ని ఎంత దూరం లాగొచ్చో చూడటమే అతని సరదా. గోడ మాయమైన క్షణం దొరికిందంటే పాట ఎప్పుడు పరుగందుకుందో మీకు తెలిసిపోతుంది, అప్పటిదాకా నత్తనడకలా అనిపించిన మొదటి రెండు నిమిషాలు ఎందుకున్నాయో కూడా అర్థమవుతుంది.

రెండోసారి చూసేటప్పుడు ఆకారాల్ని పక్కనపెట్టి మార్పుల్ని చూడండి. చక్రం నుంచి నక్షత్రానికి ఎలా వెళ్లారు? కట్ చేశారా, ఒకే షాట్‌లో మనుషులు కదిలి మారారా? కట్ లేకుండా మారిన చోట ఆగి మళ్లీ వేయండి. ఆ పదిసెకన్లలో ఎంతమంది ఒకేసారి సరైన చోటికి చేరాల్సి వచ్చిందో లెక్కేస్తే కవాతు నేర్పిన లెఫ్టినెంట్ ఎక్కడున్నాడో కనిపిస్తాడు.

మూడోసారి మొహాలు. అమ్మాయిల్ని బొమ్మల్లా వాడాడని బర్క్‌లీ మీద విమర్శ ఉంది, న్యాయమైనదే. అయితే అతనే కెమెరాని ఒక్కొక్కరి మొహం దగ్గరికీ తీసుకెళ్లి వరసగా చూపిస్తాడు కూడా. గుంపులో కలిపేస్తాడు, మళ్లీ గుంపులోంచి లాగుతాడు. 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్'లో 'యంగ్ అండ్ హెల్దీ' చివర కెమెరా వరసగా నిలబడ్డ అమ్మాయిల కాళ్ల మధ్య సొరంగంలోంచి దూసుకుపోతుంది. 'డేమ్స్' (1934) లో 'ఐ ఓన్లీ హ్యావ్ ఐస్ ఫర్ యూ' పాటలో డజన్లకొద్దీ అమ్మాయిలు రూబీ కీలర్ మొహం మాస్కులు పెట్టుకుని వస్తారు, ఆఖరికి అందరూ వంగి వీపు మీది పలకలు కలిపితే ఆవిడ మొహమే పెద్ద బొమ్మగా తయారవుతుంది. ప్రేమలో ఉన్నవాడికి లోకమంతా ఒకే మొహం, సరే, కానీ కాసేపటికి కొంచెం భయం కూడా వేస్తుంది. వేయాలి.

రూబీ కీలర్ గురించి ఒక మాట. ఆవిడ డాన్స్ చూసి చాలామంది ఇదేంటి ఇంత బరువుగా అంటారు, నేల వైపు చూస్తూ వేస్తుంది అంటారు. ఆవిడది బక్ డాన్స్, దాంట్లో అడుగు చప్పుడు ముఖ్యం, తేలిపోవడం కాదు. 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' ఆఖరి పాటలో ఆవిడ నేలమీద ఆడుతోందనుకుంటాం, కెమెరా వెనక్కి వస్తే తెలుస్తుంది టాక్సీ పైకప్పు మీద ఆడుతోందని. స్టెప్పు మామూలుదే, దాని కింద ఏముందో ఆఖర్న చూపించాడు. డాన్స్ చేసింది కెమెరాయే. అదే పాటలో వీధి గొడవ, కిటికీలోంచి దూకే అమ్మాయి, కత్తిపోటు, వెంటనే కోరస్ (వెనక గుంపుగా ఆడేవాళ్లు) అంతా అట్టముక్క మేడలు పట్టుకుని తిరిగితే న్యూయార్క్ నగరం ఆకాశరేఖగా మారిపోవడం, అన్నీ కొన్ని నిమిషాల్లో అయిపోతాయి.

ఇక తప్పులు వెతకడం కూడా ఆస్వాదించడంలో భాగమే. 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1935'లో 56 తెల్ల పియానోలు వాటంతట అవే వాల్ట్‌జ్ ఆడుతున్నట్టు కదులుతాయి. అవి డొల్ల పియానోలు. ఒక్కోదాని కింద నల్లబట్టలు వేసుకున్న మనిషి నల్లటి నేల మీద నడుస్తూ దాన్ని మోస్తాడు. బొమ్మ ఆపి చూస్తే కాళ్లు కనిపిస్తాయి. 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933'లోని 'షాడో వాల్ట్‌జ్'లో నియాన్ దీపాలు పెట్టిన వయొలిన్లు చీకట్లో వెలుగుతాయి. ఆ పాట తీస్తుండగానే 1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపం వచ్చింది, కెమెరా క్రేన్ మీదున్న బర్క్‌లీ కింద పడబోయి తప్పించుకున్నాడు.

నాలుగో అడుగు: ఆకలి కాలమని గుర్తుపెట్టుకుని చూడండి

ఈ పాటలు కలల్లో తేలిపోవడానికే అని రాస్తుంటారు. సగమే నిజం. 1933లో అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' మొదలవడమే నటి జింజర్ రోజర్స్ ఒంటినిండా నాణేలు కట్టుకుని మన చేతినిండా డబ్బే అని పాడటంతో. పాట మధ్యలోకి షెరిఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు వచ్చి పడతారు, నిర్మాత బాకీలు కట్టలేదు కాబట్టి సెట్లూ బట్టలూ ఊడబెరుక్కుపోతారు. నాణేలు కట్టుకున్న అమ్మాయిలు అద్దె కట్టలేక ఇంట్లో పడుకుంటారు. పాట మాత్రం కట్ చేసి చూస్తే ఈ ఎత్తిపొడుపు తెలియదు. ఒక్క సినిమా అయినా మొత్తంగా చూడమని చెప్పేది అందుకే, చూస్తే ఇదే చూడండి.

ఎందుకంటే దీని చివరి పాట 'రిమెంబర్ మై ఫర్‌గాటెన్ మ్యాన్'. హాయిగా ముగిసే కథకి ఎవరైనా పెళ్లి పాట పెడతారు. ఇక్కడ జోన్ బ్లాండెల్ వీధి దీపం కింద నిలబడి పాట పాడదు, మాటల్లా చెబుతుంది. తర్వాత కిటికీలోంచి ఎట్టా మోటెన్ అందుకుంటుంది, నల్లజాతి గాయని, ఆ గొంతు వచ్చేసరికి పాట బరువు మారిపోతుంది. పోలీసు ఒక నిరుపేదని లాగుతుంటే బ్లాండెల్ వాడి కోటు తిప్పి లోపలున్న యుద్ధ పతకం చూపిస్తుంది. సైనికులు పూలవానలో బయల్దేరతారు, అసలు వానలో గాయాలతో తిరిగొస్తారు, తర్వాత ఉచిత భోజనం క్యూలో నిలబడతారు. మొదటి ప్రపంచ యుద్ధ సైనికులు తమకి రావాల్సిన బోనస్ ముందుగా ఇవ్వమని వాషింగ్టన్‌లో మకాం వేస్తే, 1932 జులైలో సైన్యాన్ని పెట్టి తరిమేశారు. సినిమా వచ్చింది 1933 మేలో. హాల్లో కూర్చున్నవాళ్లకి ఇది పది నెలల కిందటి వార్త.

ఇక్కడ మన ప్రశ్న వేసుకోండి, డాన్స్ చేస్తున్నది ఎవరు? ఎవరూ స్టెప్పు వేయరు. నడక ఒక్కటే. కవాతు నడక, కుంటి నడక, క్యూలో ఈడ్చుకునే నడక. బర్క్‌లీకి బాగా తెలిసిన విద్య కవాతే కదా, దాన్నే తిప్పి కొట్టాడు.

'ఫుట్‌లైట్ పరేడ్'లో 'షాంఘై లిల్' చివర కూడా కోరస్ పలకలు తిప్పి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బొమ్మ చూపిస్తారు. అది చూస్తే నాకు కొంచెం ప్రభుత్వ ప్రకటనలా ఉంటుంది. 'ఫర్‌గాటెన్ మ్యాన్' ముందు తేలిపోతుంది.

ఐదో అడుగు: ఇప్పుడు కొలబద్ద మార్చి ఆస్టేర్‌ని చూడండి

బర్క్‌లీ చూసిన కళ్లతోనే వెంటనే ఆస్టేర్‌ని పెట్టొద్దు, ఒకరోజు ఆగండి. ఆర్‌కేఓ స్టూడియోలో ఫ్రెడ్ ఆస్టేర్ పట్టుబట్టిన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు: తల నుంచి పాదం దాకా మొత్తం మనిషి కనబడాలి, వీలైనంత తక్కువ కట్లు ఉండాలి, మధ్యలో చూసేవాళ్ల మొహాలకి కట్ చేయకూడదు. కెమెరా అతని వెంట నడుస్తుంది, అంతే. ఇక్కడ డాన్స్ ఒంట్లో ఉంది.

మొదలుపెట్టడానికి 'టాప్ హ్యాట్' (1935) లో 'ఈజ్‌న్ట్ దిస్ ఎ లవ్లీ డే' కంటే మంచి పాట లేదు. వాన, పార్కులో ఒక మంటపం, ఇద్దరే. జింజర్ రోజర్స్ గుర్రపు స్వారీ బట్టల్లో ఉంటుంది, ప్యాంటూ బూట్లూ, కాబట్టి గౌను ఎగరడం చూసి మురిసిపోయే అవకాశం లేదు. అతను పాడుతుంటే ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుంటుంది. అతను నడుస్తాడు, ఆవిడ అదే నడక వెక్కిరిస్తూ నడుస్తుంది. అతనొక స్టెప్పు, ఆవిడ అదే తిప్పి ఇంకాస్త కలిపి. ఎక్కడ వెక్కిరింత ఆగి ఇష్టం మొదలైందో చూడండి. అసలు ఒకరినొకరు ముట్టుకోవడం ఎంతసేపటికి జరిగిందో చూడండి. ఆఖర్న కావలింతలేమీ లేవు, కూర్చుని చేతులు కలుపుకుంటారు. కొన్ని నిమిషాల్లో ఒక ప్రేమకథ మాటల్లేకుండా పూర్తయింది. మన యుగళగీతాల్లో మధ్య సంగీతం రాగానే కొండలకి కట్ అయ్యే చోట వీళ్లు కథ చెబుతున్నారన్నమాట.

చూసే పద్ధతి చెబుతాను. ఒకసారి కళ్లు మూసుకుని వినండి, ట్యాప్ చప్పుడు ఒక వాద్యంలా వినిపిస్తుంది, తాళం మీద ఎక్కడ పడుతోంది, ఎక్కడ కావాలని వెనకబడుతోంది అని. మృదంగం వినే అలవాటున్నవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. (ఆ చప్పుడు చాలావరకు షూటింగ్ అయ్యాక విడిగా రికార్డు చేసిందే, జింజర్ అడుగుల చప్పుడు చాలాసార్లు నృత్య దర్శకుడు హెర్మిస్ పాన్ వేసేవాడు.) తర్వాత జింజర్‌ని మాత్రమే చూడండి. అందరూ ఆస్టేర్‌ని చూస్తారు కాబట్టి ఇది తప్పనిసరి. ఆవిడ గొప్ప నర్తకి కాకపోవచ్చు, కానీ డాన్స్ చేస్తూ నటన ఆపదు, ఆ క్షణంలోనే మొదటిసారి ఇష్టపడుతున్న మనిషిలా ఉంటుంది. ఆఖరుగా పాదాలు వదిలేసి భుజాలూ చేతులూ చూడండి, ఆస్టేర్ పైభాగం ఎంత తాపీగా ఉంటుందో.

ఆ తాపీ వెనక ఉన్న చాకిరీ తెలియాలంటే 'స్వింగ్ టైమ్' (1936) లో 'నెవర్ గొన్నా డాన్స్'. విడిపోతున్న ఇద్దరు చివరిసారి ఆడే డాన్స్ అది, సినిమాలో ముందు ఆడిన స్టెప్పులు అక్కడక్కడ జ్ఞాపకాల్లా తిరిగొస్తాయి. దర్శకుడు జార్జ్ స్టీవెన్స్. ఒక్కరోజులో 47 టేకులు పట్టిందనీ, జింజర్ బూట్లు రక్తంతో తడిశాయనీ చెబుతారు. తెరమీద ఆ అలసట ఎక్కడా కనబడదు, వెతకండి కావాలంటే. 'టాప్ హ్యాట్'లోని 'చీక్ టు చీక్'లో మాత్రం వెతికితే దొరుకుతాయి, ఆవిడ గౌనుకున్న ఉష్ట్రపక్షి ఈకలు ఊడి గాల్లో తేలుతూ. షూటింగ్‌లో ఆస్టేర్ వాటితో విసిగిపోయాడు, తర్వాత ఆవిడని ఈకలమ్మా అన్నట్టు ఆటపట్టించేవాడు.

ఆరో అడుగు: సెట్టే ఆడే పాట

'ది గ్రేట్ జీగ్‌ఫెల్డ్' (1936) లో 'ఎ ప్రెట్టీ గర్ల్ ఈజ్ లైక్ ఎ మెలొడీ'. పెళ్లి కేకులా మెలికలు తిరిగిన బ్రహ్మాండమైన మెట్ల గోపురం, దాని మీద మెట్టుమెట్టుకీ మనుషులు, గోపురం తిరుగుతుంటే కెమెరా పైకి పాకుతూ పోతుంది. ఆశ్చర్యమే. ఒకసారి చాలు. దీనికి నృత్య దర్శకత్వంలో సేమూర్ ఫెలిక్స్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ విభాగం మూడేళ్లే ఉంది, బర్క్‌లీ మూడుసార్లూ నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదు.

ఏడో అడుగు: మొహం తిప్పుకోవాలనిపించే చోట ఆగండి

బర్క్‌లీ కోరస్‌లో దాదాపు అంతా తెల్లవాళ్లే. 'షాంఘై లిల్'లో రూబీ కీలర్‌కి చైనా అమ్మాయి మేకప్ వేశారు. 'స్వింగ్ టైమ్'లోనే 'బోజాంగిల్స్ ఆఫ్ హార్లెమ్' కోసం ఆస్టేర్ మొహానికి నల్లరంగు పూసుకున్నాడు, వెనక మూడు పెద్ద నీడలు అతనితో పోటీపడి ఆడతాయి. డాన్స్‌గా అబ్బురం, గొప్ప నల్లజాతి నర్తకుడు బిల్ రాబిన్సన్‌కి నివాళిగా అనుకుని చేసింది. ఆ నల్లరంగు మాత్రం అవమానమే. రెండూ ఒకే పాటలో ఉన్నాయి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయకుండా చూడటం అలవాటు చేసుకోవాలి.

ఆ బిల్ రాబిన్సన్ నిజంగా ఎలా ఆడేవాడో చూడాలంటే 'ది లిటిల్ కర్నల్' (1935) లో చిన్నారి షర్లీ టెంపుల్‌తో మెట్ల మీద ఆడిన డాన్స్ ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకున్నారని దక్షిణాది రాష్ట్రాల్లో దాన్ని కత్తిరించారు. నల్లజాతి కళాకారుల పాటల్ని కథతో సంబంధం లేకుండా విడిగా పెట్టడం అప్పట్లో మామూలు, అక్కడి థియేటర్లకి తీసేయడం తేలికవుతుందని.

తర్వాత 'స్టార్మీ వెదర్' (1943) లో క్యాబ్ కాలోవే ఆర్కెస్ట్రాతో నికొలస్ బ్రదర్స్ 'జంపిన్ జైవ్' పెట్టండి. అప్పటికి తొలిదశ దాటిపోయింది, అయినా ఇది లేకుండా ఈ గైడ్ నేను రాయను. ఫయార్డ్, హెరాల్డ్ అన్నదమ్ములు. వాయిద్యగాళ్ల మధ్య బల్లల మీద దూకుతూ వెళ్తారు, పియానో ఎక్కుతారు, ఆఖర్న పెద్ద మెట్ల వరస. ఒకరి మీంచి ఒకరు ఎగిరి కింది మెట్టు మీద కాళ్లు రెండు పక్కలకీ పరిచి పడతారు, చేతులు ఆనించకుండా లేస్తారు, మళ్లీ రెండోవాడు. ఇక్కడ డాన్స్ ఎవరిదని అడగక్కర్లేదు. తాను చూసినవాటిలో గొప్ప డాన్స్ ఇదేనని ఆస్టేర్ అన్నట్టు చెబుతారు. వీళ్లకి హాలీవుడ్ ఒక్క సినిమాలో కూడా హీరో వేషాలు ఎందుకివ్వలేదో పై పేరా చదివాక చెప్పక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: 1934 జులై గీత

చిన్న సంగతే గానీ పనికొస్తుంది. అప్పటినుంచి సెన్సార్ నియమావళి గట్టిగా అమలైంది. అంతకు ముందు పాటల్లో ఉండే కొంటెతనం, ఉదాహరణకి 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933'లోని 'పెట్టిన్ ఇన్ ది పార్క్'లో తెర వెనక బట్టలు మార్చుకునే నీడలు, రేకు జాకెట్ వేసుకొచ్చిన హీరోయిన్ దగ్గరికి హీరో డబ్బా ఓపెనర్‌తో రావడం, ఆ తర్వాత కష్టం. బర్క్‌లీ సంగతి చూడాలంటే గీతకి అటొకటి ఇటొకటి పెట్టి పోల్చండి. ఇటువైపు నేను సూచించేది 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1935'లో 'లలబై ఆఫ్ బ్రాడ్‌వే'. ఈసారి సినిమా మొత్తానికీ బర్క్‌లీయే దర్శకుడు. చిమ్మచీకట్లో చుక్కంత తెల్లటి మొహం, పాడుతూ పాడుతూ కట్ లేకుండా తెరంతా నిండుతుంది. ఆ మొహం తిరగబడి నగరమవుతుంది. రాత్రంతా తిరిగి పొద్దున పడుకునే ఒక అమ్మాయి కథ, పదినిమిషాలు దాటి సాగుతుంది, వందమందికి పైగా ట్యాప్ చేస్తుంటే ఆ హోరు ఆమె మీదికి దండయాత్రలా వస్తుంది, ఆమె మేడ మీంచి పడిపోతుంది. కొంటెతనం పోయాక చీకటి మిగిలింది. బర్క్‌లీవన్నీ కలిపి ఒకటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఏ వరసలో చూడాలి

ఒక్క కూర్చోడంలో అన్నీ వద్దు. మొదటిరోజు 'పెయింటెడ్ డాల్', వెంటనే 'బై ఎ వాటర్‌ఫాల్', నాలుగేళ్లలో ఏం మారిందో ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. ఇంకోరోజు 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' మొత్తం, మాటల సీన్లతో సహా. తర్వాత ఆస్టేర్ పాటలు రెండు, మధ్యలో ఇంకేమీ కలపకుండా. ఆపైన నికొలస్ బ్రదర్స్, అదే రాత్రి 'లలబై'. పిల్లలతో చూస్తుంటే మాత్రం నికొలస్ బ్రదర్స్‌తో మొదలుపెట్టండి, మిగతావాటికి వాళ్లే వస్తారు.

ఇవి అయ్యాక మన వైపు ఒకటి చూడండి. మద్రాసులో జెమినీ స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్ తమిళంలో, హిందీలో తీసిన 'చంద్రలేఖ' (1948), దాని డ్రమ్ డాన్స్. హాలీవుడ్ మ్యూజికల్స్ ప్రభావం గురించి దాని విషయంలో ఎప్పుడూ మాటొస్తుంది. మనిషి ఎత్తుని మించిన డ్రమ్ములు వరసలు వరసలుగా, వాటి మీద నర్తకులు, కెమెరా పైనుంచీ పక్కనుంచీ. బర్క్‌లీ పాటయితే ఆకారం పూర్తవగానే చప్పట్లతో అయిపోతుంది, కథలోకి తిరిగి రాదు. ఇక్కడ ఆ డ్రమ్ములు పగిలి లోపల దాక్కున్న సైనికులు కత్తులతో బయటికి దూకుతారు. మొదటిసారి డాన్స్ కోసం చూడండి, రెండోసారి ఏ డ్రమ్ములో మనిషి ఉండొచ్చో ఊహిస్తూ చూడండి.